పూచెడి జెముడు – దానికి తగిన వెలుతురు

మన ఉత్తరాంధ్ర పట్టణములలో వానకాలపు రాత్రివేళ ఇరుగుపొరుగువారిని నిద్రలేపి, టార్చిలైటు వెలుగున పెరటిలోనికి తీసికొనిపోయి చూపించెడి పువ్వు ఒకటి కలదు. అది రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటల వేళ రేకులు విప్పుట మొదలిడి, అర్ధరాత్రమునకు పళ్లెమంత వెడల్పున విచ్చుకొని, తెల్లవారునప్పటికి మెడ వాల్చివేయును. దానిని మనవారు బ్రహ్మకమలమందురు. అసలు బ్రహ్మకమలము హిమాలయములలో మూడువేల మీటర్లకు పైబడిన ఎత్తున పెరుగు సాసూరియా అను మొక్క. అది పొద్దుతిరుగుడు కుటుంబమునకు చెందినది. ఉత్తరాఖండ రాష్ట్రపుష్పము కూడ అదియే. మన కుండీలలోనిది ఎపిఫిల్లమ్ ఆక్సీపెటలమ్. ఇది జెముడు కుటుంబము, అనగా కాక్టస్ కుటుంబములోనిది. దక్షిణ మెక్సికో, గ్వాటెమాలా ప్రాంతపు అడవులు దీని పుట్టినిల్లు. పేరు తప్పే అయినను, జనుల నోట స్థిరపడిన పేరును మార్చుటకు మేము పూనుకొనము. ఈ వ్యాసములో దానిని బ్రహ్మకమలమనియే వ్రాయుదుము.

మా తరగతిలోని ఉర్దూ విద్యార్థులకు ఈ పువ్వును చూచినంతనే గులె బకావలీ కథ జ్ఞాపకమునకు వచ్చుట మేము పలుమారు గమనించితిమి. కుమారుడైన తాజుల్ ములూక్‌ను చూచి చూపు కోల్పోయిన రాజు జైనుల్ ములూక్, బకావలీ తోటలోని పువ్వు వలన తిరిగి చూపు పొందుట ఆ కథ. ఫోర్ట్ విలియం కళాశాలకై నిహాల్‌చంద్ లాహోరీ దీనిని 1803లో ‘మజ్‌హబె ఇష్క్’ అను పేర ఉర్దూ వచనముగా వ్రాసెను. దయాశంకర్ నసీమ్ ‘గుల్జారె నసీమ్’ అను మస్నవీగా మలచెను. తెలుగువారికి 1962 నాటి ‘గులేబకావళి కథ’ చలనచిత్రము ద్వారా ఇది సుపరిచితము. ఆ చిత్రముతోనే సినిమా పాటల రచనకు దిగిన సి. నారాయణరెడ్డిగారు ఉర్దూ మాధ్యమమున చదువుకొన్నవారని మన కళాశాల విద్యార్థులు తెలిసికొనుట మంచిది. కథలోని పువ్వు ఏ మొక్కదో ఇక్కడ విచారింపము. మన కుండీలోని మొక్కకు కావలసిన వెలుతురును గూర్చియే ఈ పాఠము. దీనిని వ్రాయుటకు మా పొరపాటొకటి కారణము; దానిని ముందుగా చెప్పుట న్యాయము.

మా వీధిలో ఒక వృద్ధురాలు ఉండెడివారు. హిందువులు, ముస్లిములు అను భేదము లేక వీధివారందరు ఆమెను నానీమా అని పిలిచెడివారము. ఆమె ఇంటి లోపలి వసారాలో ఒక బ్రహ్మకమలపు కుండీ ఉండెను. ఖరగపూరు రైల్వే కాలనీలో కాపురముండిన ఆమె కుమార్తె ఒకమారు పుట్టింటికి వచ్చుచు, ఒక ఆకుకొమ్మను తడిగుడ్డలో చుట్టి తెచ్చి నాటినదట. ఆరేండ్లు గడచినను మొక్క పూయలేదు. నానీమా ఒకనాడు మమ్ము వీధిలో ఆపి, “మీరు చెట్ల పాఠాలు చెప్పేవారు కదా బాబూ, ఇదెందుకు పూయదో కాస్త చెప్పండి” అని అడిగిరి. మేము ఇంటిలోనికి పోయి చూడనైన చూడక, “జెముడు జాతి కదా నానీమా, దానికి ఎండ చాలలేదు. డాబా మీదికి ఎక్కించండి” అని చెప్పి బడికి ఆలస్యమగుచున్నదని సాగిపోతిమి. అది ఏప్రిల్ మొదటివారము.

రెండు వారముల పిదప ఆమె మనుమడు వచ్చి పిలువగా పోయి చూచితిమి. ఆకుపచ్చని బద్దలన్నియు పసుపువన్నెకు తిరిగి, సూర్యునికి ఎదురుగా నున్న ముఖమున తెల్లని కాగితపు మచ్చలు పడి, అంచులు గోధుమవన్నెకు ఎండియుండెను. ఆమె మమ్ము ఒక్క మాట అనలేదు. “ఈ యేడు ఎండ ఎక్కువైందేమో బాబూ” అని తామే సమాధానము చెప్పుకొనిరి. ఆ కుమార్తె మూడేండ్ల క్రిందటనే చనిపోయిన సంగతి ఆ దినముననే మాకు తెలిసినది. పాఠ్యగ్రంథములో ‘జెముడు ఎడారి మొక్క’ అని చదివి, దానినే అప్పజెప్పు అలవాటు ఎంత చేటు తెచ్చునో మాకు బోధపడినది.

జెముడు కుటుంబములో పదిహేనువందలకు పైగా జాతులు గలవు. రిప్సాలిస్ అను ఒక్క మొక్క ఆఫ్రికా, శ్రీలంకలలో కూడ సహజముగా పెరుగుచుండగా, తక్కినవన్నియు అమెరికా ఖండములకు చెందినవే. మన పొలముగట్ల మీద ముండ్లతో నిలిచియుండు నాగజెముడు సైతము సముద్రము దాటి వచ్చినదే. (1795లో ఎఱ్ఱరంగు పరిశ్రమకై బ్రెజిలునుండి తెచ్చిన కోచినీలు పురుగు, రంగు సరిగా ఈయలేదు గాని, ఒక జాతి నాగజెముడును దేశమంతట తినివేసినది. 1926లో మరియొక కోచినీలు జాతిని దక్షిణదేశమున వదలి, పొలములను ఆక్రమించిన నాగజెముడును అదుపులోనికి తెచ్చిరి.) బొంతజెముడు మాత్రము ఈ కుటుంబములోనిది కాదు, గిల్లిన పాలు కారును. జెముడును, పాలజెముడును వేరుగా గుర్తించుటకు ఈ పరీక్ష చాలవరకు పనికివచ్చును.

ఈ కుటుంబమువారందరు ఎడారివాసులు కారు. మనము మరచిపోవు సంగతి ఇదియే. కొన్ని జాతులు ఉష్ణమండలపు అడవులలో, పెద్దచెట్ల కొమ్మల పంగలలో, కుళ్లిన ఆకుల మధ్య వేళ్లు దించుకొని బ్రదుకును. అట్లని అవి పరాన్నజీవులు కావు. చెట్టు వాటికి నిలుచుటకు చోటు మాత్రమే ఇచ్చును. పైని ఆకుల సందులనుండి జల్లెడ పట్టినట్లు దిగెడి వెలుతురే వాటికి అలవాటు. బ్రహ్మకమలము ఈ తెగలోనిది. మనము దాని ఆకులనుకొనునవి నిజమునకు ఆకులు కావు, చదునైన కాండములు. తక్కువ వెలుతురును ఎక్కువ వైశాల్యమున పట్టుకొనుటకు అవి వెడల్పైనవి. ఎడారి జెముడు దీనికి విరుద్ధముగా బంతివలె, స్తంభమువలె గుండ్రనై, గాడులు దీసి, ముండ్లు కప్పుకొని, ఎండ తన ఒంటికి తక్కువగా తగులునట్లు చూచుకొనును. కాబట్టి మొక్క ఆకారమే అది ఎటువంటి వెలుతురులో పుట్టినదో చెప్పుచున్నది. చదునుగా, ముండ్లు లేక, వ్రేలాడునది నీడజెముడు. గుండ్రనిదై ముండ్లు గలది ఎండజెముడు. ఈ సూత్రమునకు అపవాదములు లేకపోలేదు గాని, కుండీ కొనువారికి ఇది నూటికి తొంబది పాళ్లు పనికివచ్చును.

వెలుతురు ఎంతయని మన కంటితో నిర్ణయింపబోయిన మోసపోవుదుము. నిర్మలాకాశమున మధ్యాహ్నపు ఎండ సుమారు 1,00,000 లక్సులు. దట్టమైన మామిడిచెట్టు నీడలో అది పదివేలకు, అంతకును తక్కువకు దిగును. కిటికీకి ఒక మీటరు లోపల వేయి లక్సులుండుట గొప్ప. గది నడుమ నూరు, రెండునూరులే. ఎండనుండి గదిలోనికి వచ్చినపుడు వెలుతురు కొన్ని వందల రెట్లు తగ్గినను, కంటిపాప విప్పారి ఆ లోటును కప్పిపుచ్చును. మనము హాయిగా పుస్తకము చదువుకొనుచున్న చోట మొక్క ఆకలితో మాడుచుండవచ్చును. ఇప్పుడు చేతిఫోనులలో లక్సులు కొలుచు సాధనములు వచ్చినవి. అవియు ఉరమరగా పనికివచ్చును. ఏమియు లేనివారు అరచేతిని కుండీకి ఒక జానెడు పైన పట్టి చూడవలెను. వ్రేళ్ల నీడ అంచులు కత్తితో కోసినట్లు స్పష్టముగా పడినచో అది ఎండజెముడుకు తగిన చోటు. నీడ పడియు అంచులు మసకగా నున్నచో బ్రహ్మకమలమునకు తగిన చోటు. అసలు నీడయే తోపనిచో అక్కడ ఏ జెముడును పూయదు.

నీడలో మొక్క చావక బ్రదుకుచునే యుండుట వలన జనులు మోసపోవుదురు. దీనికి కారణము గ్రహించుటకు జెముడు ఊపిరి సంగతి కొంత తెలియవలెను. సాధారణమైన మొక్కలు పగటివేళ ఆకురంధ్రములు తెరచి బొగ్గుపులుసు గాలిని పీల్చుకొనును. జెముడు అట్లు చేసిన నీరంతయు ఆవిరియైపోవును గనుక, పగలు రంధ్రములు మూసికొని, రాత్రి తెరచి, పీల్చిన గాలిని మాలిక్ ఆమ్లముగా మార్చి దాచుకొనును. మరునాటి వెలుతురులో ఆ ఆమ్లమును విడగొట్టి చక్కెర చేసికొనును. ఈ రహస్యమునకు తొలి ఆనవాలు దొరకినది మన దేశముననే. సామర్లకోట వృక్షోద్యానములో రాక్స్‌బర్గు తరువాత పనిచేసిన బెంజమిన్ హైనె, రణపాల ఆకును నమలి చూచి, ఉదయము పుల్లగా, మధ్యాహ్నమునకు చప్పగా, సాయంకాలమునకు కొంచెము చేదుగా నుండునని 1813లో ఇంగ్లండునకు లేఖ వ్రాసెను. మన విద్యార్థులు నమలి చూడనవసరము లేదు. రణపాల ఆకును తెల్లవారుజామున ఒకటి, సాయంకాలము ఒకటి కోసి, రసము పిండి, ప్రయోగశాలలోని ఆమ్లపరీక్ష కాగితముతో చూచిన తేడా కనబడును. ఎండలోని మొక్కను, చీకటి గదిలోని మొక్కను పోల్చిన మరియు చక్కని పాఠమగును.

చీకటి మూలనున్న మొక్కకు రాత్రి దాచిన సరకును పగలు వండుకొనుటకు నిప్పు లేదన్నమాట. ఉన్న కొద్ది వెలుతురుతో ప్రాణము నిలుపుకొనును గాని, పువ్వునకు మిగులు ఉండదు. జానెడు పొడవు గల పువ్వును ఒక్క రాత్రికై సిద్ధపరచుట మొక్కకు సామాన్యమైన ఖర్చు కాదు. మొగ్గ కనబడిన నాటినుండి విచ్చుటకు సుమారు మూడు, నాలుగు వారములు పట్టును. వెలుతురు చాలని బ్రహ్మకమలము చదునైన బద్దలను మాని, సన్నని గుండ్రని కాడలను దారమువలె కిటికీ వంక సాచును. లేతకాడలు కొన్ని మొదట గుండ్రముగానే వచ్చుట సహజము. అన్నియు అట్లే వచ్చుచు, ముదురుబద్దలు ముదురాకుపచ్చగా మెత్తబడియున్నచో వెలుతురు తక్కువయని నిశ్చయింపవచ్చును. నానీమా వసారాలోని మొక్క అట్లే యుండెను. అనగా ఎండ చాలలేదను మా మాట సగము నిజమే. డాబా ఎక్కించుమనుట మాత్రము తప్పు.

ఎండ ఎక్కువైనపుడు జరుగునది వేరు. పత్రహరితము తాను వాడుకొనగలిగినంతకు మించి వెలుతురును పట్టుకొన్నచో, ఆ మిగులు శక్తి దానినే ధ్వంసము చేయును. బద్ద మొదట పసుపుపచ్చనగును; అంచులు ఎఱ్ఱబారును. ఆ ఎఱ్ఱదనము మొక్క తన్ను కాపాడుకొనుటకు పూసికొన్న రంగు. అప్పుడు నీడకు జరిపిన కోలుకొనును. తెల్లమచ్చ పడిన చోట కణములు చచ్చినవే; అది మరల పచ్చబడదు. నీరు ఎక్కువై కుళ్లినపుడు కూడ పసుపువన్నె వచ్చును గాని, అది మొదటినుండి పైకి ప్రాకును, వ్రేలితో నొక్కిన మెత్తగా నుండును. ఎండదెబ్బ సూర్యుని వైపుననే కనబడును, పొడిగా నుండును. ఈ రెంటిని పొరబడి, ఎండకు మాడిన మొక్కకు కుండలకొలది నీరు పోసి చంపినవారిని మేమెరుగుదుము.

ఇక మన జిల్లాల సూర్యుని విచారింతము. తోటపని పుస్తకములు పెక్కు ఇంగ్లండు, అమెరికా వాతావరణమునకు వ్రాసినవి. అవి ‘దక్షిణపు కిటికీ శ్రేష్ఠము, ఉత్తరపు కిటికీ పనికిరాదు’ అని చెప్పును. శ్రీకాకుళము, విజయనగరములు భూమధ్యరేఖకు ఉత్తరముగా సుమారు 18 డిగ్రీలలో నున్నవి. మే రెండవ వారము దాటిన పిదప జూలై చివర వరకు మధ్యాహ్నపు సూర్యుడు మన నడినెత్తికి కొంచెము ఉత్తరముగా పోవుచుండును. మార్చి విషువత్తు మొదలు సెప్టెంబరు విషువత్తు వరకు సూర్యుడు ఈశాన్యపు వైపున ఉదయించి వాయవ్యపు వైపున అస్తమించును. కనుక మన ఉత్తరపు వసారాకు వేసవి ఉదయమున ఏటవాలు ఎండ వచ్చును. నడిమధ్యాహ్నపు ఎండను ఇంటిచూరు ఆపును. శీతకాలమంతయు తిన్నని వెలుగు మాత్రమే యుండును. పుస్తకము త్రోసివేసిన ఆ ఉత్తరపు వసారాయే మన బ్రహ్మకమలమునకు మంచి చోట్లలో ఒకటి. దాని పడమటి కొసన మాత్రము ఒక చాప కట్టవలెను. మే నెలలో సాయంకాలపు ఎండ అటనుండి సూటిగా దూరును.

డిసెంబరు 21 ప్రాంతమున మధ్యాహ్నపు సూర్యుడు దక్షిణమున 48 డిగ్రీల ఎత్తునకు మించడు. అప్పుడు దక్షిణపు కిటికీ గుండ ఎండ గదిలోనికి మూరల కొలది వచ్చును. అదే కిటికీకి జూన్‌లో ఎండపొడ తగులదు. ఒకే కిటికీ ఆరునెలలకు మారిపోవుచున్నదన్నమాట. దీనికి మనకు అరసవల్లి కంటె మంచి ఉదాహరణము లేదు. అక్కడి సూర్యదేవాలయములో ఏటేట మార్చి 9, 10 తేదీల ప్రాంతమునను, అక్టోబరు 1, 2 తేదీల ప్రాంతమునను ఉదయకిరణములు ద్వారము గుండ ప్రవేశించి మూలమూర్తి పాదములను తాకుటను వేలమంది చూతురు. ఈ రెండు కాలములు ఒకదానికొకటి దాదాపు ఏడు నెలలు ఎడమైనను, రెంటియందును సూర్యుడు ఖగోళమధ్యరేఖకు సుమారు 4 డిగ్రీల దక్షిణముననే యుండును. ఒకటి మార్చి విషువత్తునకు పదునొకండు దినములు ముందు. రెండవది సెప్టెంబరు విషువత్తునకు పది దినములు తరువాత. అందుచే ఉదయసూర్యుడు దిగంతమున ఒకే చోట నిలుచును, కిరణము ఒకే త్రోవ పట్టును. మన ఇంటి కిటికీ ఎండకును ఇదే లెక్క. మార్చిలో ఎండపడిన గచ్చుమీద సుద్దముక్కతో గీత గీసియుంచిన, ఆ ఎండ మరల అక్టోబరులో అదే గీతకు వచ్చును. ఏడాదిలో నెలకొక గీత గీసినవాడు తన ఇంటి వెలుతురును పుస్తకము లేకయే చదువగలడు.

మరియొక సంగతి. మనము దేశకాలమానము లెక్కించు రేఖకు తూర్పున నున్నాము. జూన్ మొదట శ్రీకాకుళమున అయిదుంబావుకే సూర్యోదయమగును. హైదరాబాదు కంటె ఇరువది నిమిషములకు పైగా ముందు. కనుక హైదరాబాదునుండి వచ్చిన పత్రికలో ‘తొమ్మిది గంటల వరకు ఎండ తగులనీయుడు’ అని వ్రాసినచో, మనము ఎనిమిదిన్నరకే కుండీని తప్పించుట మేలు.

ఇండ్ల సంగతికి వత్తము. పల్లెలలోని చుట్టిండ్లకు చూరు మిక్కిలి క్రిందికి దిగియుండును గనుక లోపల ఏ జెముడును పెరుగదు; చూరు వెలుపల తూర్పువైపున ఉట్టి కట్టి వ్రేలాడదీసిన బ్రహ్మకమలము బాగుండును. మండువా లోగిలిలో ఆకాశము కనబడు నడుమ చోటికి ఒక అడుగు ఇవతల, తూర్పు ఎండ పడు పడమటి వసారా అంచున పెట్టవలెను. డాబా ఇండ్లవారు గచ్చుమీద నేరుగా కుండీ నుంచరాదు. ఏప్రిల్, మే నెలలలో గచ్చు కాలి మట్టికుండీ వేళ్లను ఉడికించును. ఇటుకలమీద ఎత్తుగా నిలిపి, పైన తాటాకు చలువపందిరి గాని, సగము వెలుతురును ఆపు ఆకుపచ్చ వల గాని కట్టవలెను. మా అనుభవమున తాటాకు పందిరియే మేలు. వల క్రింద వేడి నిలుచును. పడమటి గోడ ప్రక్క మాత్రము ఎవరును పెట్టవద్దు. సున్నము కొట్టిన తెల్లగోడ ఎండను తిరుగగొట్టి మొక్కను రెండువైపుల కాల్చును.

ఇంటిలోపల పెంచకతప్పని అపార్టుమెంటువారు కిటికీకి మూరెడు దూరము లోపలనే ఉంచవలెను. నల్లని అద్దములు, మూసిన పరదాలు ఉన్నచో ఆశ వదలుకొనవలెను. తెల్లని ఎల్.ఇ.డి. ట్యూబులైటును మొక్కకు ఒక అడుగు ఎత్తున కట్టి దినమునకు పన్నెండు గంటలు వెలిగించిన మొక్క ఆరోగ్యముగా నుండును. సాయంకాలము మాత్రము అతిథులకు చూపుటకై వెలిగించిన దీపము మొక్కకు కాదు, అతిథులకే.

చోటు మార్చునపుడు తొందర పనికిరాదు. లోపలి మొక్కను వెలుపలకు తెచ్చుటకు జూన్ చివర, తొలకరి మబ్బులు పట్టిన పిదప, అనువైన కాలము. మొదటివారము పూర్తినీడ, రెండవవారము సూర్యోదయమునుండి అరగంట ఎండ, పిదప వారమునకొక అరగంట పెంచుచు రెండుగంటలకు ఆపవలెను. బద్ద లేతపచ్చగా, గట్టిగా, అంచున రవ్వంత ఎఱ్ఱజీరతో నున్నచో వెలుతురు సరిపోయినదని అర్థము. మొగ్గ కనబడిన తరువాత కుండీని జరుపవద్దు, త్రిప్పవద్దు. మొగ్గలు వెలుతురునుబట్టి తమ వంపును దిద్దుకొనును. హఠాత్తుగా చోటు మారిన రాలిపోవును. మేము కుండీమీద వెలుతురు వైపున సుద్దతో ఒక చుక్క పెట్టుదుము. తుడుచుటకో, ముగ్గు వేయుటకో ఎవరైన జరిపినను, చుక్కనుబట్టి యథాస్థానమున నిలుపవచ్చును.

తక్కిన పూలజెముడులను గూర్చి నాలుగు మాటలు. మామిల్లేరియా, ఎకినాప్సిస్ మొదలైన బంతిజెముడులకు దినమునకు నాలుగైదు గంటల నేరుఎండ లేనిదే పువ్వు లేదు. మన ఎండలో అది ఉదయపు ఎండ యగుట మంచిది. బల్ల మీద అలంకారముగా పెట్టినచో నెత్తి సన్నగిలి సీసామూతివలె మొలుచును. కడియము నర్సరీలనుండి వచ్చు ఎఱ్ఱని, పసుపుపచ్చని తలల జెముడుకు సొంత పత్రహరితము లేదు. క్రిందనున్న పచ్చని మొదలు దానిని పోషించును. ఆ మొదలు సాధారణముగా డ్రాగన్ ఫ్రూట్ మొక్కదే. దానికి చలువనీడ కావలెను. డిసెంబరున పూయు క్రిస్మస్ జెముడు బ్రెజిలు కొండలది. దానికి దీర్ఘమైన చీకటిరాత్రులు, చల్లదనము రెండును కావలెను. వీధిదీపము క్రింద పెట్టినచో రాత్రి అయినదని దానికి తెలియదు. మన సముద్రతీరపు ఉక్కలో అది అరుదుగా పూయును. అరకు, పాడేరు వైపువారు ప్రయత్నింపవచ్చును. డ్రాగన్ ఫ్రూట్ సరిగా దీనికి ఎదురు: పగలు పెరిగిన కాలముననే పూయును. అందుచే వియత్నాము రైతులు అకాలమున కాయించుటకు తోటలలో రాత్రివేళ వేలకొలది దీపములు వెలిగింతురు. బండిమీద అమ్మువారివద్ద చిన్నజెముడు నెత్తిన గలగలలాడు రంగుపువ్వు కనబడినచో తొందరపడి కొనవద్దు. ఎండుపువ్వును జిగురుతో అంటించుట కలదు. అసలు పువ్వు ముట్టుకొన్న మెత్తగా, చల్లగా నుండును.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపమున తీరము దాటినపుడు ఉద్దానములో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకొరిగిన సంగతి మనమెరుగుదుము. ఆ కష్టములో కుండీల మాట తలచుటకు ఎవరికిని తీరిక లేకపోయినది, అది సహజము. అయితే ఆ తరువాతి వారములలో మేము అటు పోయినపుడు, గాలికి నిలిచిన పెరటి మొక్కలు అనేకము ఎండకు మాడియుండుట చూచితిమి. వాటిని కాచిన చెట్టు పోయినది; మొక్క మాత్రము పాత నీడకే అలవాటుపడి యుండెను. తుఫాను మరునాడే ఒక పాతచీరను నాలుగు కర్రలకు కట్టిన చాలును. మన తీరమున ఇది మరల మరల అవసరమగు పనియే.

నానీమా మొక్క మాటకు వచ్చితిమి. మాడిన బద్దలలో నాలుగింటికి మొదట జానెడేసి పచ్చదనము మిగిలియుండెను. వాటిని కోసి, వారము దినములు నీడలో ఆరనిచ్చి, ఎఱ్ఱమట్టి, ఇసుక, ఆకుల ఎరువు, కొబ్బరిపీచు కలిపి నాటితిమి. మూడు బ్రదికినవి. ఒకటి ఆమె ఇంటి తూర్పు వసారాలో, ఎనిమిదిన్నరకు నీడ వచ్చు చోట ఉంచితిమి. రెండేండ్లు ఏమియు లేదు. మూడవయేట ఆగస్టులో ఆమె మనుమడు పరుగున వచ్చి ఒక మొగ్గ వంగి పైకి లేచినదని చెప్పెను. ఆ రాత్రి పదింటికి వీధివారమందరము అచ్చట చేరితిమి. అప్పటికి నానీమాకు చూపు బాగుగా ఆనదు. ముఖము పువ్వుకు దగ్గరగా పెట్టి చాలసేపు వాసన చూచి, “మా అమ్మాయి చెప్పింది నిజమే, ఇంత వాసన వేస్తుందని” అనిరి. మేము ఏమియు అనలేకపోతిమి.

రెండవ కుండీ ఇప్పుడు మన వృక్షశాస్త్ర ప్రయోగశాల ఉత్తరపు వసారాలో కలదు. దాని వెనుక గోడమీద పెన్సిలుతో గీసిన గీతలు నెలనెల ఎండ ఎంతవరకు వచ్చుచున్నదో తెలుపునవి. గోడకు వెల్ల వేయించునపుడు ఆ మూరెడు మేర విడిచిపెట్టించవలసినదిగా కళాశాల కమిటీవారిని ప్రార్థించుచున్నాము. మొక్క బాగుగా గుబురు కట్టినది. తొలకరి పడిన తరువాత కొమ్మలు కత్తిరించెదము. కావలసిన విద్యార్థులు కుండీ అడుగున రంధ్రమున్నదో లేదో చూచుకొని తెచ్చుకొనవలెను.